ఉప్పు వేసిన టీ

గాలంతో పట్టిన రెండు వందల నలభై కొర్రమీనులకు తోక కొస కత్తిరించి, గుర్తు పెట్టి, జలాశయంలో వదిలాడు మధుకర్. నెల తరవాత మళ్లీ గాలం వేస్తే నూట ఎనభై పడ్డాయి. వాటిలో తోక కత్తిరించినవి తొమ్మిది. అంటే ఇరవైకి ఒకటి. అలాగైతే నీళ్లలో ఉన్నవన్నీ రెండు వందల నలభైకి ఇరవై రెట్లు. నాలుగు వేల ఎనిమిది వందలు.

సరదాకి గాలం వేసేవాళ్లు ఏడాదికి పన్నెండు వందలు పట్టుకోవచ్చని సిఫారసు రాసి, కవరు అంటించాడు. పొద్దున్నే మత్స్యశాఖ జీపు వచ్చి తీసుకుపోతుంది. అది వెళ్లిందంటే అదే చట్టం.

ఆ గట్టు మీద ఎనిమిది నెలలుగా అతనూ, షరీఫ్ మాస్టారూ తప్ప మరో మనిషి లేడు. చేపల మీద నలభై ఏళ్లు పని చేసిన మాస్టారు రోజుకు పది మాటలు ఆడితే ఎక్కువ. మెచ్చుకునేవాళ్లు లేక మధుకర్ తన లెక్కను తానే మూడుసార్లు పైకి చదువుకుని, చివరికి ఆయనకు వినిపించాడు.

మాస్టారు విని, లేచి వెళ్లి టీ కాచి తెచ్చారు.

ఒక్క గుక్కకే మధుకర్ ముఖం ముడుచుకుపోయింది. గొంతు దిగనంత ఉప్పు. పెద్దాయన డబ్బా పొరబడ్డారనుకుని, ఆయన అటు తిరిగినప్పుడు గట్టు కింద పారబోశాడు.

తెల్లవారింది. మాస్టారు మళ్లీ గ్లాసు చాపారు.

"వద్దు మాస్టారూ. కడుపు బాగాలేదు."

"మంచిది," అని గ్లాసు కింద పెట్టి, మాస్టారు నోటుపుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. మధుకర్ తొంగి చూశాడు.

'టీ ఇచ్చి లెక్క పెట్టాను. తాగినవాళ్లు ఎవరూ లేరు. కాబట్టి గట్టు మీద మనుషులు లేరు.'

మధుకర్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఎనిమిది నెలల నిశ్శబ్దమంతా ఆ చివరి మాటలో ఉన్నట్టనిపించింది.

"నేనున్నాను కదా మాస్టారూ," అన్నాడు చిన్న గొంతుతో.

"నాకు తెలుసురా. పుస్తకానికి తెలీదు."

"నిన్న ఒకసారి నోట్లో ఉప్పు పడింది కాబట్టి ఇవాళ తాగలేదు. అంతమాత్రాన..."

అక్కడ ఆగిపోయాడు. అతని చూపు గోడకు ఆనించిన గాలపు కర్రల మీదికి పోయింది. మొదటిసారీ అవే. రెండోసారీ అవే.

ఎదురుగా నీళ్లు కనుచూపు మేరా ఖాళీగా పరుచుకున్నాయి. ఒకసారి ముల్లు దిగిన నోళ్లు వాటి కింద ఎన్ని మూసుకుని ఉన్నాయో. గుర్తున్నవి గాలానికి రాకపోతే పెరిగేది లెక్కే, చేపలు కాదు. తను రాసిన పన్నెండు వందలకు ఉన్నవి ఎన్నేళ్లు ఆగుతాయి? అసలు ఒక్క ఏడాదైనా ఆగుతాయా?

దూరంగా మట్టిదారిలో దుమ్ము లేచింది.

"జీపు వస్తోంది మాస్టారూ. ఏం చెప్పమంటారు?"

"డ్రైవర్ని నేను కూర్చోబెడతాలే. అతనికి చక్కెర వేసే ఇస్తాను."

మధుకర్ కవరు రెండుగా చించి జేబులో పెట్టుకున్నాడు. చూరుకు వేలాడుతున్న పెద్ద వల దించి, భుజాన వేసుకుని, పడవ దగ్గరికి దిగాడు.