తవుడు బస్తా మెచ్చిన ట్రాక్టరు

అనగనగా, మబ్బులు కూడా ఆగి ఆయాసం తీర్చుకునే గుమ్మడికొండ. ఆ కొండ ఒడిలో తిరుపాలమ్మ, ఆమె కూతురు మంగతాయి పదహారు ఆవులను సాకుతూ ఉండేవారు.

ఆ ఏడు కొండ నిండా గడ్డి నడుమెత్తు పెరిగింది. ఎండిపోకముందే కోసి వామి వెయ్యకపోతే వేసవిలో ఆవులకు మేత లేదు.

"కొడవలితో ఎన్నాళ్లని కోస్తామమ్మా? ట్రాక్టరు తెచ్చుకుందాం. నేనే నడుపుతాను" అంది మంగతాయి.

కొండ వాలు చూసి తల్లి భయపడింది. అయినా కాదనలేదు. "సరేనే. నువ్వెక్కే బండిని మాత్రం నేనే ఎంచుతాను" అంది.

సంత వర్తకుడు గడ్డి కోసే కత్తులు బిగించిన మూడు ట్రాక్టర్లను తోలుకొచ్చాడు. ఆ కాలంలో ట్రాక్టర్లకు మాటలు వచ్చు. తమంతట తామే నడిచేవి కూడా.

తిరుపాలమ్మ కూతురి బరువంత తవుడు బస్తా తెచ్చి, దానికి కూతురి వోణీ చుట్టింది. "ఇదే నా బిడ్డ అనుకోండి. పడెయ్యకుండా గడ్డి కోసుకు రండి" అంది.

మొదట పొడుగాటి ఎర్ర ట్రాక్టరు కదిలింది. "వాలుకు అడ్డంగా దున్నాలని పెద్దల మాట. ఆమాత్రం నాకు తెలియదా!" అంటూ కొండకు అడ్డంగా పోయింది. నాలుగు బారలైనా పోకముందే ఒక పక్క చక్రాలు గాల్లోకి లేచాయి. బస్తా దబ్బున పడి దొర్లింది. ఎర్రది ఒరిగి ముళ్లపొదలో కూలబడింది.

"నీకు పొడుగే గాని బలమేదిరా!" అని నవ్వి, బరువైన నల్ల ట్రాక్టరు బస్తాను ఎక్కించుకుని గర్జిస్తూ నిలువునా శిఖరానికి ఎక్కింది. దిగేటప్పుడు దాని బరువే దాన్ని తోసింది. బస్తా ఎగిరి వాగులో పడింది, వెనకే నల్లదీ పడింది. ఆవులకు ఆ పూట మంచి కుడితి దొరికింది.

మిగిలింది పొట్టిది. దాని చక్రాలు ఎడంగా ఉన్నాయి.

"ఇది ట్రాక్టరా, పీటా?" అంది నల్లది వాగులోంచి.

పొట్టిది కోపగించలేదు. "అమ్మా, ముందు నీతో కలిసి కొండంతా చూసి వస్తాను" అంది. తిరుపాలమ్మ రాళ్లు చూపింది, చెమ్మ నేల చూపింది. అప్పుడు పొట్టిది కొత్త బస్తాతో నిదానంగా నిలువునా ఎక్కింది, నిదానంగా దిగింది. బస్తా కదలలేదు. కాని శిఖరం దగ్గరికి వచ్చేసరికి పొట్టిది ఆగిపోయింది.

"తల్లీ, ఆ పైది నా వల్ల కాదు. అక్కడ కొడవలే మేలు."

"చేతకాదని తానే ఒప్పుకుంది!" అని ముళ్లపొదలోంచి ఎర్రది నవ్వింది.

తిరుపాలమ్మ పొట్టిదాని వీపు నిమిరింది. "దున్నేటప్పుడు మన్ను జారకూడదని అడ్డంగా పోతాం. కోసేటప్పుడు మనిషి జారకూడదని నిలువునా పోవాలి. ఆ తేడా తెలిసి, నిదానంగా నడిచింది ఇదే. ఎక్కడ ఆగాలో చెప్పిందీ ఇదే. నా బిడ్డను దీనికే అప్పగిస్తాను."

మంగతాయి కొంగు బిగించి ఎక్కింది. పొద్దు వాలేసరికి కొండ దువ్విన తలలా మెరిసింది, శిఖరాన చిన్న పిలకతో. ఆ పిలకను తల్లే కొడవలితో కోసింది.

దారిన పోయేవారు ఆగి, "ఇంత కొండ కోసిందెవరమ్మా?" అని అడిగారు.

"మా మంగతాయి!" అంది తిరుపాలమ్మ తలెత్తి.

పిల్లలూ, అన్నీ చేయగలనని గొప్పలు పోయేవారికన్నా, ఇంతవరకే చేయగలనని నిజం చెప్పేవారే నమ్మదగినవారు.