ఎర్నాయుడి బరువూ, కొండమ్మ తల్లి బెల్లమూ

అయ్యా, అమ్మా, పిల్లలూ, అందరూ కాస్త ముందుకు జరగండి. ఆ కొండమ్మ తల్లిని ఒక్కసారి మనసులో తలుచుకోండి. తలుచుకున్నారా? ఇక ఎంత నవ్వినా తప్పులేదు. ఆవిడ కూడా ఇదంతా కొండమీంచి కళ్ళారా చూసి నవ్వుకున్నదే.

పాకలవలసలో ఎర్నాయుడి ఇల్లని ఒకటుంది. ఆ ఇంట్లోవాళ్ళకి తమ తెలివి మీద మహా గురి. "ఊళ్ళో జనం పెద్దలు ఒకటి చెబితే ఇంకోటి చేస్తారు. మేం అలా కాదు, చెప్పింది చెప్పినట్టు చేస్తాం. అక్షరం పొల్లుపోదు" అని ఎర్నాయుడి తల్లి అచ్చియ్యమ్మ అరుగు మీద కూచుని వచ్చేపోయేవాళ్ళకి చెప్పేది. "అవునత్తా" అనేది కోడలు పైడమ్మ. పైడమ్మ తమ్ముడు కన్నారావు "మరేటనుకున్నారు!" అని మీసం తిప్పేవాడు. అతనికి మీసం లేదు. అయినా తిప్పేవాడు.

ఎర్నాయుడు ఒకప్పుడు సామాన్యుడు కాడు. జిల్లా కబడ్డీ జట్టుకి కెప్టెన్. కూతకెళ్ళాడంటే అవతలి జట్టు సగం బయటకొచ్చి కూచోవాల్సిందే. తర్వాత పెళ్ళయింది, పైడమ్మ వంట మొదలైంది, ఆట ఆగింది. అంతే. పొట్ట ముందు నడుస్తుంటే ఎర్నాయుడు దాని వెనకాల నడిచేవాడు.

ఇలా ఉండగా ఉగాదికి పాత ఆటగాళ్ళ పోటీ పెట్టారు. రూలు ఒకటే: ఎనభై అయిదు కిలోలు దాటినవాడు బరిలోకి రాకూడదు. పక్కూరి కెప్టెన్ దాలయ్య పనిగట్టుకుని వచ్చి, వీధిలో సైకిలాపి మరీ చెప్పాడు. "ఎర్నాయుడూ, నువ్వు ఆడక్కర్లేదులే. ఆ గట్టు మీద నిలబడు చాలు. ఎండకి మావాళ్ళు నీ నీడన కూచుంటారు."

ఆ మాట గుచ్చుకుంది. మధ్యాహ్నం కంచం ముందు కూచుని "పైడీ, ఒక్కసారి. ఇంకొక్కసారి బరిలో కూత పెట్టాలే. నాకింకే కోరికా లేదు" అన్నాడు ఎర్నాయుడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పెట్టుకుంటూనే కంచం ఖాళీ చేశాడు.

ఇంటిల్లిపాదీ బయల్దేరి, ఎర్నాయుడికి చిన్నప్పుడు ఆట నేర్పిన తాతబ్బాయి మేష్టారి దగ్గరికెళ్ళారు. మేష్టారు శిష్యుణ్ణి కాటా ఎక్కించాడు. ముల్లు నూరు దాటి వణికింది. "ఒరే, ఒరే" అని కళ్ళు మూసుకుని, "అమ్మా పైడమ్మా, ముందు వీడికి పెట్టే అన్నం సగం చెయ్యి" అన్నాడు.

ఇంకేముంది! ఇంటికొస్తూనే అత్తాకోడళ్ళు బియ్యం రోట్లో పోసి దంచారు. ప్రతి గింజా సరిగ్గా సగమయ్యేదాకా దంచారు. ఆ నూకలు వండి, నెయ్యి వేసి, కంచం నిండా కుప్ప పోశారు.

"ఇదేటే, నిండా పెట్టావు?" అన్నాడు ఎర్నాయుడు.

"కంచం చూడకయ్యా, మెతుకు చూడు. ప్రతీదీ సగమే!"

ఎర్నాయుడు మెతుకు తీసి వెలుతురులో పెట్టి చూశాడు. నిజంగానే సగం! తృప్తిగా తిన్నాడు. నూకలన్నం కమ్మగా ఉందని ఇంకో కంచం కూడా తిన్నాడు. "రెండు సగాలు కలిస్తే ఒకటేగా బావా, పాత లెక్కే" అన్నాడు కన్నారావు.

వారం తిరక్కుండా కాటా ముల్లు ఇంకాస్త అవతలికి పోయింది. మేష్టారు తల గోక్కున్నాడు. "తిండి సంగతి తర్వాత. పొద్దున్నే పరిగెత్తించండి. చెమట కారాకే ఆపాలి, తెలిసిందా?"

దారిలో కన్నారావు బుర్రకి పని చెప్పాడు. "అత్తా, చెమట కారాక పరుగు ఆపాలి. మరి చెమట ముందే కారిపోతే?"

"పరుగే అక్కర్లేదు!" అని చప్పట్లు కొట్టింది అచ్చియ్యమ్మ. "మా వియ్యపురాలి కొడుకు బుర్రే బుర్ర!"

అది చెరకు కాలం. ఊరి చివర పాకలో బెల్లం వండుతున్నారు. ఎర్నాయుడికి రెండు బొంతలు చుట్టి ఆ పెద్ద పొయ్యి పక్కన కూచోబెట్టారు. కూచోబెట్టగానే చెమట కారింది. కారగానే "ఆపండి, ఆపండి!" అన్నారు. ఇంకా మొదలుపెట్టని పరుగు ఆగిపోయింది. పక్కనే పాకం తుకతుక ఉడుకుతుంటే ఎదురుగా ఉన్న మనిషి ఊరుకుంటాడా? వేడివేడి బెల్లంలో కొబ్బరిముక్క ముంచుకుని తింటూ రోజూ బొంతల్లో కూచునేవాడు. నవ్వకండి బాబూ, ఇంకా ఉంది.

మూడోసారి కాటా ఎక్కేసరికి మేష్టారికి ఏడుపొక్కటే తక్కువ. "ఇంట్లో ఘుమఘుమలాడే కూరలు మీరు తింటుంటే వీడికి నోరూరదూ? వీడి ముందు ఎవరూ తినకండి!" అన్నాడు.

అంతే. ఆ రోజు నాటుకోడి కూర వండుకుని అందరూ ఎర్నాయుడి వెనకాల వరసగా కూచున్నారు. ముందు తినకూడదన్నారు కాబట్టి వీపు వైపు తింటున్నారు. వాసనకి ఎర్నాయుడు ఇటు తిరిగాడు.

"అయ్యో, ముందుకొచ్చేశాం! లెగండి, లెగండి!" అని కంచాలు పట్టుకుని అటు పరిగెత్తారు. అతను అటు తిరిగాడు. వీళ్ళు ఇటు పరిగెత్తారు. గుండ్రంగా తిరిగి తిరిగి అచ్చియ్యమ్మకి కళ్ళు తిరిగాయి, కూరగిన్నె తెచ్చి కొడుకు ఒళ్ళో పెట్టి కూలబడింది. ఇంకేముంది, గిన్నె అడుగు కనబడింది.

మేష్టారు ఈసారి కాటా వైపు చూడనైనా చూడలేదు. ఆకాశం వైపు చూసి దండం పెట్టాడు. "నా వల్ల కాదు. వీడి బరువు ఆ దేవుడే తగ్గించాలి!"

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా!" అంది పైడమ్మ. అట్నుంచి అటే కొండెక్కి అమ్మవారికి మొక్కుకుంది. "తల్లీ, మా ఆయన బరువు నీకప్పజెప్పాం. ఆయన ఎంతుంటే అంత బెల్లం నీకిస్తాం."

అమ్మ దగ్గర నిజమైన మాటకి విలువుంటుంది, అది ఎంత వెర్రిగా పలికినా సరే. గుళ్ళో పంతులుగారు పద్ధతి చెప్పారు. మొక్కు తీరేదాకా ఎర్నాయుడు పళ్ళూ మజ్జిగతో ఉండాలి. బెల్లం తన భుజం మీదే మొయ్యాలి. ఇంటిదగ్గర తూచి, అమ్మ ముందు మళ్ళీ తూచాలి. తక్కెడ రెండు పక్కలా సరిసమానంగా నిలవాలి.

ఇంటిదగ్గర తూచారు. సరిగ్గా సమానం. ఎర్నాయుడు కావిడిలో బెల్లం దిమ్మలు పెట్టుకుని ఎక్కాడు, దిగాడు, మళ్ళీ ఎక్కాడు. అలా మొత్తం చేర్చి, ఒళ్ళంతా చెమటతో తక్కెడలో కూచున్నాడు. బెల్లం కిందికి దిగింది, ఎర్నాయుడు పైకి లేచాడు!

"ఎక్కువైతే పోయిందేముంది? అమ్మకి ఇంకాస్త తీపి. ఉంచెయ్యండి" అన్నారు పంతులుగారు.

అచ్చియ్యమ్మ చెవులు మూసుకుంది. "సరిసమానం అని చెప్పి ఇప్పుడు మాట మారుస్తారా?"

"అయితే ఆ ఎక్కువైన ముక్క ఇక్కడే తీసెయ్యండమ్మా!"

"ఇంటిదగ్గర తూచాలన్నది మీరేగా!"

పంతులుగారు మెట్టు మీద కూచుని తల పట్టుకున్నారు. బెల్లమంతా ఎర్నాయుడి భుజం మీదే కొండ దిగింది. ఇంటిదగ్గర ఓ ముక్క తీసేసి మళ్ళీ సమానం చేశారు. మర్నాడు మళ్ళీ కొండ. మళ్ళీ ఎక్కేసరికి మళ్ళీ చెమట, మళ్ళీ బెల్లమే బరువు. మళ్ళీ దిగడం. అలా ఎన్నాళ్ళో! బెల్లం తగ్గుతోంది, ఎర్నాయుడు తగ్గుతున్నాడు, ఇద్దరికీ పందెం పెట్టినట్టుంది. పండగ ముందురోజుకి అతని ఒంట్లో కారడానికి చెమటచుక్క మిగల్లేదు. తక్కెడ కదలకుండా నిలిచింది. గుళ్ళో గంట కొట్టారు. పంతులుగారు అందరికంటే గట్టిగా కొట్టారు.

ఉగాదినాడు పోటీ దగ్గర ముల్లు ఎనభై అయిదు గీత దాకా వచ్చి, ఓ వెంట్రుకవాసి ఇవతలే ఆగింది. దాలయ్య నోరు తెరిచాడు. మేష్టారు శిష్యుణ్ణి తడిమి తడిమి చూశాడు. "ఏం చేశార్రా?"

"మీరు చెప్పిందే మేష్టారూ. దేవుడే తగ్గించాలన్నారు. ఆ బరువు అమ్మకే ఇచ్చొచ్చాం" అన్నాడు కన్నారావు.

ఎర్నాయుడు గీతకి దండం పెట్టి కూతకెళ్ళాడు. "కబడ్డీ కబడ్డీ" అంటూంటే, గట్టు మీద పైడమ్మ పమిట నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆట హోరాహోరీ సాగింది. రెండు జట్లూ సమానంగా ఉండగా, ఆఖరి కూతకి దాలయ్య వచ్చాడు. మేష్టారు గట్టు మీంచి గొంతు చించుకున్నాడు.

"ఎర్నాయుడూ, కాలు పట్టుకో! నేను చెప్పేదాకా వదలకు!"

పట్టుకున్నాడు. కూత ఆగింది, ఈల మోగింది. పాకలవలస గెలిచింది! జనం విరుచుకుపడి మేష్టారిని భుజాల మీద ఎత్తుకుని ఊరేగించి, అట్నుంచి అటే, పండక్కి ఆయన వెళ్ళాల్సిన కూతురి ఊరికి బస్సెక్కించేశారు.

"ఒరే ఎర్నాయుడూ, అయిపోయింది, గెలిచావు. ఇక వదలరా!" అన్నాడు దాలయ్య.

"మేష్టారు చెప్పలేదు కదా" అన్నాడు ఎర్నాయుడు.

లాగినా వదల్లేదు, గిచ్చినా వదల్లేదు. కన్నారావు దాలయ్యని వీపున వేసుకున్నాడు, ఎర్నాయుడు కాలు పట్టుకుని వెనకాల నడిచాడు. అలాగే ఇంటికి తెచ్చారు. పైడమ్మ ఇద్దరికీ ఒకే పీట వేసింది.

"బాబ్బాబూ, ఆ మేష్టారికి ఫోన్ చెయ్యండి!" అని దాలయ్య ఏడుపు మొహం పెట్టాడు.

కన్నారావు ఫోన్ చేశాడు. బస్సులో కునుకు తీస్తున్న మేష్టారు ఆ గొంతు వింటూనే ఉలిక్కిపడ్డాడు. "బాబోయ్, మళ్ళీ మీరా? మీకో దండం, నన్ను వదిలెయ్యండ్రా!" అని పెట్టేశాడు.

"ఏవన్నారు? వదిలెయ్యమన్నారా?" అని ఆశగా అడిగాడు దాలయ్య.

"అన్నారు. కానీ ఆయన్ని వదిలెయ్యమన్నారు. నీ మాట ఎత్తనే లేదు."

అచ్చియ్యమ్మ కొడుకు వైపు చూసి గర్వంగా తలూపింది. "చూశావా నాయనా! మేష్టారికి నీ పట్టు మీదే గురి. ఇతన్ని వదలమనలేదంటే, గట్టిగా పట్టుకోమనే దానర్థం."

అంతే. ఎర్నాయుడు దాలయ్య రెండో కాలు కూడా పట్టుకున్నాడు.