తనవి కాని మార్కులు

అనగనగా... మరీ అంత వెనకటి సంగతేం కాదులే చిట్టీ, మొన్నమొన్నటిదే. సముద్రం పక్కన ఒక ఊళ్ళో నూకరత్నం అనే పిల్ల ఉండేది. ఆ పిల్ల కడుపులో ఒక మాట దాక్కుని ఉండేది. అమ్మకి చెప్పలేదు, అద్దం ముందు నిలబడి తనకి తను కూడా చెప్పుకోలేదు. ఆ మాటేమిటంటే, తనకొచ్చిన నూట ముప్పై ఎనిమిది మార్కులు తనవి కావు.

ఏం మార్కులంటావా? నర్సింగు ఎంట్రెన్సుకి చదువుతోంది కదా, ఆ మార్కులు. కోచింగూ లేదు, ఏమీ లేదు. పాత పుస్తకాల కొట్లో కొన్న ప్రశ్నల పుస్తకం ముందేసుకుని తనంతట తనే చదివేది. ఆదివారం ఆదివారం ఊరి గ్రంథాలయంలో సన్యాసిరావు మాస్టారు నూట అరవై మార్కులకి పరీక్ష పెట్టేవారు. నూకరత్నం, దాని నేస్తం సలోమి కలిసి వెళ్ళేవారు.

మొదటి ఆదివారం నూకరత్నం పేపరు విప్పి చూసింది. అన్నీ తన పుస్తకంలోవే! రెండ్రోజుల ముందే జవాబులతో సహా చదివేసింది.

"అయితే కాపీ కొట్టినట్టా అమ్మమ్మా?"

ఏమోనే. ఆ పిల్లకీ అదే తెలియలేదు. చెప్పేద్దామని నోరు తెరిచింది. అప్పటికే మాస్టారు బోర్డు మీద మార్కులు రాసేసి, "చూశార్రా, చెప్పేవాళ్ళు లేకపోయినా ఎలా రాసిందో!" అన్నారు. తెరిచిన నోరు మూతపడింది. సలోమికి డెబ్భై నాలుగు వచ్చాయి.

ఆ తర్వాత ఆదివారం కొత్త పేపరు. నూకరత్నానికి అరవై ఒకటి. ఆ పై ఆదివారం యాభై ఎనిమిది. ఆ తర్వాత ఇంకా గట్టిగా చదివి వెళ్తే, యాభై రెండు!

అమ్మ "దిష్టే" అని ఉప్పూ మిరపకాయలూ తిప్పింది. అన్నయ్య "ముందు దాని సెల్లు లాక్కోండి" అన్నాడు. మాస్టారేమో "కంగారమ్మా, నీకు రాక కాదు" అన్నారు. ముగ్గురూ మూడు చెప్పారు. అసలు సంగతి తెలిస్తే కదా!

పోనీ తనకైనా తెలుసా అంటే, అదీ లేదు. చదివేకొద్దీ తగ్గడమేమిటి? తనకి వచ్చా, రాదా? పుస్తకం తెరిస్తే అన్నీ తెలిసినట్టే ఉంటుంది. పేపరు చేతికొస్తే ఒక్కటీ ఎరగనట్టుంటుంది.

అప్పుడు ఒక మధ్యాహ్నం సలోమి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "రేపట్నుంచి రొయ్యల కంపెనీలో పనికి వెళ్తున్నానే," అంది.

"మరి ఎంట్రెన్సు?"

"నీకైతే దిష్టి తగిలింది. అది పోతే మళ్ళీ నూట ముప్పై ఎనిమిది కొడతావు. నేను ఎంత గింజుకున్నా ఎనభై దాటను. ఇద్దరం ఒకే బళ్ళో చదివాం కదే. నా బుర్రలో లేదన్నమాట. నర్సమ్మగారూ, రొయ్యలు కావాలంటే కబురంపండి!" అని నవ్వింది. ఆ నవ్వు సగంలోనే తెగిపోయింది. గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది.

ఇద్దరి పేపర్లూ నూకరత్నం దగ్గరే ఉండేవి. ఆ తర్వాత వాటన్నిటినీ నేల మీద పరుచుకుంది. డెబ్భై ఎనిమిది, డెబ్భై ఐదు, డెబ్భై తొమ్మిది... ఇవి సలోమివి. మూడుసార్లూ తనకంటే దానికే ఎక్కువ! ఆ సంగతి ఇద్దరికీ కనబడకుండా నూట ముప్పై ఎనిమిది అడ్డంగా కూర్చుంది.

చెబితే మాస్టారు ఏమంటారో. అమ్మ ఏమనుకుంటుందో. సలోమి తిట్టి ఊరుకుంటుందో, మాటలే మానేస్తుందో. ఎటు చూసినా ఏమీ తేలలేదు. తను యాభై రెండు మార్కుల పిల్ల, అదొక్కటే తేలింది. ఏడుపొచ్చింది. చిత్రం, ఊపిరి కూడా ఆడింది.

మాస్టారికి ఆదివారం చెప్పొచ్చు. సలోమి మాత్రం తెల్లారితే కంపెనీ వ్యానెక్కేస్తుంది. తిడితే తిట్టనీ, దానికి ఇప్పుడే ఫోను చేసి చెప్పేస్తానని నూకరత్నం సెల్లు చేతిలోకి తీసుకుంది.

"సలోమి ఎత్తిందా అమ్మమ్మా?"

ఏమోనే, నేను విన్నది ఇంతవరకే.

కథ వెళ్ళి కంచి బస్సెక్కింది,
చిట్టి వచ్చి నా పక్కెక్కింది.