కుట్టుమిషను గుర్రం

ఒక నగరంలో ఒక చిత్రకారుడు ఉండేవాడు. అతని కంటికి ఏ వస్తువూ ఆ వస్తువులా కనిపించేది కాదు. చెంబును చూస్తే కొంగ, విరిగిన ఫ్యాను రెక్కను చూస్తే చేప. ఊరు పారేసిన ఇనుమంతా ఏరుకొచ్చి, అతికించి బొమ్మలు చేసేవాడు. మిగిలిన పొద్దంతా ఆకాశంలో ఈదే ఎడ్లను గీసేవాడు. పాడైనవి బాగుచేస్తాడని ఊళ్లో పేరు పడిపోయింది. ఊరి నోరు మూయించగలమా?

ఆ మాట నమ్మి, మంగతాయి అనే ఆవిడ కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని వచ్చింది. అది ఆడితేనే ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది.

"సూది దిగడం లేదు బాబూ. కాస్త చూసి పెట్టండి. శుక్రవారం వచ్చి తీసుకుపోతా" అంది.

అతను తలూపాడు. ఏం విన్నాడో ఏమో! మిషను వంపులో అతనికి గుర్రం మెడ కనబడింది, ఇక చెవులు పనిచేయలేదు. సైకిలు చక్రాలు, రేకు డబ్బాలు తెచ్చి అతికించాడు. శుక్రవారానికల్లా గుర్రం నిలబడింది. రాజు మెచ్చి, ఒక శాలువా కప్పి, గుర్రాన్ని కోట ముందు పెట్టించాడు. అంతకుమించి దమ్మిడీ ఇవ్వలేదు.

మంగతాయి వెతుక్కుంటూ అక్కడికే వచ్చింది. గుర్రం మెడ తడిమి, "ఇది నాది. ఇప్పుడు కుడుతుందా?" అని అడిగింది.

జనం పకపకా నవ్వారు. చిత్రకారుడికి మాత్రం పుట్టాక మొదటిసారి మిషను మిషనులాగే కనిపించింది. సిగ్గుతో చచ్చిపోయాడు. శాలువా తీసి ఇవ్వబోతే, "ఇది వండుకోవాలా బాబూ?" అందామె. సుత్తి తెచ్చి గుర్రాన్ని ఊడదీయబోతే భటులు లాక్కున్నారు.

ఆమెకు ఇంకో పని రాదు. ఎప్పటికైనా ఇస్తారన్న ఆశతో, చిరిగిన జాకెట్టు ఒళ్లో పెట్టుకుని గుర్రం కాళ్ల దగ్గరే కూర్చుంది. చూడొచ్చినవాళ్లు ఆమె చుట్టూ కూడా తిరిగారు. "ఎంత సహజంగా చేశాడయ్యా, ఆ కళ్లల్లో దిగులు చూడు" అనుకున్నారు. చివరికి గుర్రాన్నీ ఆమెనూ కలిపి చుట్టూ ఇనుపకంచె వేశారు. "నన్ను పోనివ్వండి" అని ఆమె అంటే, మాట్లాడే బొమ్మ అని చప్పట్లు కొట్టారు. చిత్రకారుడు గంజి పట్టుకెళ్తే, బొమ్మకు గంజేమిటని భటులు ఒలకబోశారు.

అతను వెళ్లి రాజు కాళ్ల మీద పడ్డాడు.

"ప్రభూ, గుర్రాన్ని నేను చేశాను. ఆవిడను నేను చెయ్యలేదు. ఆవిడ మనిషి. అన్నం తిని ఆరు రోజులైంది."

రాజు మురిసిపోయాడు. "చూశావా వినయం! ఇంత పని చేసి, నాది కాదంటున్నాడు" అన్నాడు మంత్రితో.

"ఒక్కటే లోపం ఉండేది ప్రభూ" అన్నాడు మంత్రి. "దగ్గరికెళ్తే ఏదో గొణుగుతూ ఉండేది. ఈ పొద్దుటి నుంచి అదీ లేదు."