తెర దగ్గర పంచాయితీ

జైనుల్లా బాబా దర్గాలో గురువారం భోజనాలకు మగవాళ్ల బంతి ఇవతల, ఆడవాళ్ల బంతి తెర అవతల. బాబా మొదటి ముద్ద నోట పెట్టేదాకా ఎవరూ విస్తట్లో చెయ్యి పెట్టరు. అందరినీ కూర్చోబెట్టే పని శిష్యుడు హుసేన్‌పీరాది. తనకంటే బాగా ఆ పని ఎవడూ చెయ్యలేడని అతని నమ్మకం.

ఆ వారం రజియా వచ్చింది. నిరుడు దాకా మగవాళ్ల బంతిలో తిన్న మనిషే. ఇప్పుడు చీర కట్టుకుని నేరుగా తెర దగ్గరికి నడిచింది. హుసేన్‌పీరా అడ్డం నిలబడ్డాడు.

"పుట్టింది మగ పుట్టుక. ఎముకలు మారతాయా? ఇవతల కూర్చో."

"ఇవతల కూర్చోలేనన్నా. పొద్దుననగా బస్సెక్కినా, ఆకలవుతాంది."

వడ్డించే మౌలాలి గరిటతో సహా మధ్యలో దూరాడు. "ఎముకలు ఎవరు చూసొచ్చినారు? డాక్టర్లు ఆపరేషన్ చేస్తే ఆడమనిషే. అయిందా అక్కా?"

"మందులు వాడుతున్నా. ఆపరేషన్ ఇంకా కాలేదు."

మౌలాలి తల గోక్కుని హుసేన్‌పీరా వైపు తిరిగాడు. "మరి ఎన్ని మాత్రలు మింగితే తెర దాటొచ్చంటావు?"

"మాత్రలతో మనిషి మారతాడా?" అని హుసేన్‌పీరా కస్సుమన్నాడు. వాదన ముదిరింది. రజియా ఖాళీ విస్తరి పట్టుకుని నిలబడే ఉంది.

బాబా తన విస్తరి ఎత్తుకుని వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. "మీది తేలేదాకా నేనూ ఇక్కడే ఉంటా."

బంతిలో వాళ్లందరూ హుసేన్‌పీరాను కొరికేసేలా చూశారు. "తొందరగా తేల్చు నాయనా," అన్నాడు ఒక ముసలాయన.

"ముందు నీ సంగతి తేలనీ," అన్నాడు బాబా. "నువ్వు ఏ బంతి?"

"మగబంతే బాబా. అదేం మాట?"

"రుజువు?"

"గొంతు," అన్నాడు హుసేన్‌పీరా. సరిగ్గా అప్పుడే వంటశాలలోంచి బీబమ్మ, "అన్నం చల్లారిపోతాంది, ఏం చేస్తాండారక్కడ?" అని గర్జించింది. బంతంతా ఉలిక్కిపడింది. గొంతు సంగతి అతను అంతటితో వదిలేశాడు.

"డాక్టరేమైనా చెప్పినాడా?" మౌలాలి ఆశగా అడిగాడు.

"జ్వరానికి తప్ప నేను డాక్టరు దగ్గరికే పోలేదు."

"మరి ఎట్లా తెలిసింది?" బాబా మెల్లగా అడిగాడు.

"ఎట్లా ఏంది బాబా? చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు. దానికి ఇంకొకరు చెప్పాలా?"

బాబా రజియా వైపు చూశాడు. హుసేన్‌పీరా కూడా చూశాడు. ఆమె ఖాళీ విస్తరితో ఇంకా తెర దగ్గరే నిలబడి ఉంది.

అతను మెల్లగా తెర పక్కకు లాగి పట్టుకున్నాడు. "కొంచెం జరగండమ్మా, చోటు కావాల," అన్నాడు.

"మేమెప్పుడో జరిగినాం," అంది లోపలి నుంచి ఒక ముసలమ్మ. "ఆ పిల్లను రానిచ్చి, నువ్వు పక్కకు తప్పుకో."

హుసేన్‌పీరా తప్పుకున్నాడు.