మంచుగడ్డ మీద చలమయ్య పరుగు

అనగనగా, ఎండాకాలంలో కూడా ముక్కు ఎర్రబడేంత చలి ఉండే ఓ ఊళ్ళో చలమయ్య అని ఒకడుండేవాట్ట. ఎంత చలీ అంటే, మన ఫ్రిజ్జులో పైఅర ఉంటుందే, ఊరు ఊరంతా అలా అన్నమాట. ఏరు రాయిలా గడ్డకట్టేది. దానిమీద అడుగేస్తే జర్రున జారి పడడమే. అందుకని అక్కడివాళ్ళు జోళ్ళకింద ఇనప రేకులు బిగించుకుని రయ్యిరయ్యిమని జారుకుంటూ తిరిగేవాళ్ళు.

వాళ్ళ ఆటా ఆ మంచు మీదే. ఐస్ హాకీ అంటార్ట దాన్ని. చివర వంపు తిరిగిన పొడుగు కర్ర పట్టుకుని, ఓ నల్ల బిళ్ళని కొట్టుకుంటూ పోయి అవతలి జట్టు వలలో వెయ్యాలి. కొందరు వెనకుండి కాస్తారు, ఒకడు వలకి అడ్డం నిలబడతాడు, కొందరు ముందుకు దూసుకెళ్ళి బిళ్ళ వేస్తారు. మన చలమయ్య ముందుకెళ్ళేవాడు.

వాడికి నిలకడన్నదే లేదు. అన్నం నిలబడే తినేవాడు. పీట మీద కూర్చోబెడితే పీటే గిరగిరా తిరిగేది. ఇక మంచు మీద దింపారో, బిళ్ళ దొరికితే పరుగు, పరుగెడితే వల, వల అదిరితే జనం ఈల! ఊ కొడుతున్నారా? ఆఁ, కొట్టాలి మరి.

ఆ ఊరి రాజు చలమయ్యని నెత్తిన పెట్టుకున్నాడు. గవరమ్మ అనే పిల్లనిచ్చి పెళ్ళి కూడా చేశాడు. అంతా బాగానే ఉంది గానీ, జట్టులో మిగతావాళ్ళు మూతులు ముడుచుకున్నారు. చలమయ్యకి బిళ్ళ దొరికితే ఇంకొకరికి ఇవ్వడు. వీళ్ళు కర్రలు పట్టుకుని ఊరికే నిలబడి, ఊరికే ఇంటికి పోవడమే. వాళ్ళు రాజుకి మొరపెట్టుకున్నారు. రాజు సరేనని, పక్క రాజు దగ్గర పంచకల్యాణి గుర్రం తీసుకుని, బదులుగా చలమయ్యని పంపేశాడు.

గుర్రానికి సాటి వచ్చాను కదా అని చలమయ్య మీసం దువ్వుకున్నాడు. గవరమ్మ పొయ్యి, గిన్నెలు, పరుపుచుట్ట సర్దుకుంది. కొత్త ఊళ్ళోనూ అదే వరస. బిళ్ళ దొరికితే పరుగు, పరుగెడితే వల, వల అదిరితే ఈల, ఈల ఆగితే జట్టులో గొణుగుడు. రెండో రాజు అతణ్ణి మూడో రాజుకిచ్చి, బూరెలు బాగా వండుతాడని ఓ వంటవాణ్ణి తెచ్చుకున్నాడు.

ఈసారి చలమయ్యకి మీసం మీదికి చెయ్యి పోలేదు.

ఆ మూడో రాజ్యంలో, ఇద్దరు బలిష్ఠులు అటూ ఇటూ వచ్చి గుద్దేసరికి మోకాలు కాస్తా చితికింది. చలికాలమంతా ఒడ్డున బల్ల మీద కూర్చోబెట్టారు. అబ్బ, ఆ కూర్చోడం! మంచు మీద కర్రలు టకటకమంటుంటే వాడి ఒళ్ళంతా నిప్పుల మీద ఉన్నట్టుండేది. గోళ్ళు కొరుక్కునేవాడు, లేచేవాడు, మోకాలు సలిపితే మళ్ళీ కూలబడేవాడు.

మోకాలు సగం మానేసరికి పెద్ద పందెం వచ్చింది. రాజు పిలిచి, ఈ ఆట పోతే నిన్ను ఎవరు అడిగితే వాళ్ళకి ఇచ్చేస్తానని చెప్పేశాడు. చలమయ్య తల వేలాడేసుకుని ఇంటికొచ్చాడు.

గవరమ్మకి అప్పుడు నెలలు నిండుతున్నాయి. "ఈసారి నేను కదల్నయ్యా. నా కాన్పు ఇక్కడే. నిన్ను పంపిస్తే నువ్వొక్కడివే వెళ్ళు" అంది.

"నేనేం చెయ్యనే? పరిగెడుతూనే ఉన్నాగా!" అని వాడు ఇల్లంతా పచార్లు చేశాడు.

"కాసేపు ఆగి నా మాట విను. నీకు బిళ్ళ దొరగ్గానే అవతలివాళ్ళంతా నీమీదికే వస్తారు కదా?"

"వస్తారు."

"మరి నీ పక్కవాళ్ళని ఎవరు కాస్తున్నట్టు?"

చలమయ్య అవతలివాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టుకుంటే, పక్కవాళ్ళని కాసేందుకు ఒక్కడూ మిగల్లేదట.

మర్నాడు ఆట మొదలైంది. చెరో బిళ్ళా పడింది. పొద్దు వాలుతోంది. చలమయ్యకి బిళ్ళ దొరికింది. దొరికితే ఏం చేస్తాడూ? పరుగే! మోకాలు కలుక్కుమంటోంది, అవతలివాళ్ళు గుంపుగా మీదపడుతున్నారు, వల ఎదురుగా కనిపిస్తోంది. చెయ్యి దురదపెట్టింది పాపం, కొట్టెయ్యమని. ఓ పక్కన తన జట్టువాడే, బండ నరసన్న ఉన్నాడు. ఒళ్ళు బరువు, నడక నిదానం, ఎవరూ వాడికి బిళ్ళ ఇచ్చేవాళ్ళు కాదు. వాడి చుట్టూ ఒక్కడంటే ఒక్కడు లేడు. చలమయ్య పళ్ళు బిగబట్టి, "నరసన్నా, పట్టుకో!" అని బిళ్ళ అటు తోసేశాడు. నరసన్న బిత్తరపోయి, కళ్ళు మూసుకుని ఒక్క వేటు వేశాడు. వల అదిరింది!

జనం నరసన్నని భుజాలకెత్తుకున్నారు. చలమయ్యని ఎవరూ చూడలేదు. వాడికి మనసులో కొంచెం కలుక్కుమంది. అబద్ధమెందుకూ, ఎవరికైనా ఉంటుంది. ఇంతలో నరసన్న భుజాల మీదనుంచి కిందికి దూకి, కుంటుతున్న చలమయ్యని వాటేసుకుని, నాకు బిళ్ళ ఇచ్చిన మొదటివాడివి నువ్వేనని వెక్కివెక్కి ఏడ్చాట్ట. అదిగో, అప్పుడు ఆ పరుగులవాడు ఉన్నచోటే నిలబడిపోయాడు.

రాజు అతణ్ణి ఎవరికీ ఇవ్వలేదు. గవరమ్మకి ఆడపిల్ల పుట్టింది, ఊరంతా పాయసం తాగారు. ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం చలమయ్య ఆ జట్టులోనే ఆడాడు. అందుకేనర్రా, రేపు వాకిట్లో ఆడేటప్పుడు బంతి తమ్ముడిక్కూడా ఇవ్వాలి, తెలిసిందా?

కథ కంచి దారి పట్టింది, ఇక మీరు దుప్పట్లోకి దారి పట్టండి.