తోక వెంట చదువు

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ జమ్ము గడ్డి కమ్మిన పెద్ద మడుగు. చలికాలం వచ్చిందంటే చాలు, మంచుకొండల అవతల నుంచి పెద్దబాతులు గుంపుగా వచ్చి అక్కడ దిగేవి. ఎండలు ముదిరేసరికి తిరిగి తమ దేశం వెళ్ళిపోయేవి.

ఒక ఏడు అలా వచ్చిన బాతుల్లో హిమజ అనే పడుచు బాతు ఉంది. మిగతా బాతులు తిని కునుకు తీస్తుంటే, దీనికి మాత్రం ఊరికే కూర్చోవడం చేతకాదు. ఒడ్డున తిరుగుతుంటే నాలుగు నీటికోడి పిల్లలు కనిపించాయి. వాటి అమ్మానాన్నలు వేటగాడి వలలో పడి చనిపోయారు. ఏది తినాలో, ఎక్కడ దాక్కోవాలో తెలియక అవి బిక్కుబిక్కుమంటున్నాయి. చుట్టుపక్కల పక్షులకు జాలి లేక కాదు. ఎవరి పిల్లలతో వాళ్ళకే సరిపోతోంది.

"నేను నేర్పుతాను రండర్రా," అంది హిమజ. ఎవరూ అడగలేదు, ఎవరూ ఏమీ ఇస్తామనలేదు. తనంతట తనే పంతులమ్మ అయింది.

హిమజ చదువు చెప్పే పద్ధతి చాలా తేలిక. తను ముందు నడిచేది. పిల్లలు దాని తోక చూస్తూ వెనకాలే నడిచేవి. అక్క ముక్కు ముంచితే అవీ ముంచేవి. అక్క జమ్ములో దూరితే అవీ దూరేవి. ఒక్క తప్పు లేదు! మడుగంతా మెచ్చుకుంది. హిమజ మెడ కాస్త నిక్కింది కూడా. మనల్ని మెచ్చుకుంటే మనకు నిక్కదా ఏమిటి?

ఇంతలో ఎండలు ముదిరాయి. గుంపు పెద్ద వచ్చి, "గాలి మారిందమ్మా. ఇక బయలుదేరాలి. వెనకబడ్డావంటే ఆ కొండలు ఒంటరిగా దాటలేవు," అన్నాడు.

హిమజ గుండెల్లో రాయి పడింది. నేను వెళ్ళిపోతే వీళ్ళ గతేమిటి? మేత సహించలేదు. మడుగు మీద రోజూ తిరిగే గద్ద ఇప్పుడు మరీ కిందికి దిగుతున్నట్టు అనిపించింది.

"చుక్కీ, గద్ద వస్తే ఏం చేస్తావే?" అని పిల్లల్లో పెద్దదాన్ని అడిగింది.

"నీ వెనక పరిగెడతా అక్కా."

"నేను లేకపోతే?"

"నువ్వెందుకుండవు?" అంది చుక్కి.

హిమజకు ముచ్చెమటలు పోశాయి. ఇన్నాళ్ళూ ఈ పిల్లలు చూసింది తన తోకనే. ఒక్కసారైనా తలెత్తి ఆకాశం చూడలేదు.

ఆ రోజే చదువు మళ్ళీ మొదలుపెట్టింది. "ఇక మీరు ముందు, నేను వెనక. ముగ్గురు మేస్తుంటే ఒకరు ఆకాశం చూడాలి. చూసేవాళ్ళు కిర్రుమంటే అందరూ జమ్ములోకి!"

మొదటిసారి కాపలా బుడ్డోడిది, అంటే అందరికన్నా చిన్నవాడిది. తూనీగను చూసి కిర్రుమన్నాడు. నాలుగూ జమ్ములోకి పోకుండా నేరుగా హిమజ తోక దగ్గరికొచ్చి నిలబడ్డాయి.

రెండోసారి నిజంగానే గద్ద నీడ పడింది. హిమజ ఆగలేక, "పారిపోండర్రా!" అని అరిచింది. అరుపు వినగానే పిల్లలన్నీ మళ్ళీ దాని దగ్గరికే పరుగెత్తాయి. గద్ద గోళ్ళకు బుడ్డోడి ఈక ఒకటి ఊడి వచ్చింది. ఆ తప్పు పిల్లలది కాదు, పంతులమ్మది.

మూడోసారికి గుంపు ఒడ్డున బారులు తీరింది. "రావే హిమజా!" అని కేకలు. హిమజ మాత్రం అవతలి ఒడ్డున జమ్ములో దాక్కుని పిల్లల్నే చూస్తోంది. గద్ద రానే వచ్చింది.

అరవనా? అరిస్తే నట్టనడి నీళ్ళకు అడ్డంపడి తన దగ్గరికే వస్తాయి. అరవకపోతే, ఒకవేళ అవి చూసుకోకపోతే? నోరు దానంతటదే తెరుచుకుంటుంటే హిమజ ముక్కును బురదలో గుచ్చేసుకుంది.

"కిర్ర్!" అంది చుక్కి.

రెండు పిల్లలు జమ్ములోకి దూరాయి. బుడ్డోడు మాత్రం తోక కోసం ఒకసారి ఇటూ అటూ చూశాడు. ఎక్కడా లేదు. గద్ద కిందికి దూసుకొస్తోంది. చుక్కి వాణ్ణి ఒక్క పోటు పొడిచింది. ఇద్దరూ కలిసి జమ్ములో పడ్డారు. గద్ద ఉత్త నీళ్ళు చిమ్ముకుని పోయింది.

హిమజ కళ్ళు తుడుచుకుని గుంపులో కలిసింది. మడుగు మీద ఎగురుతూ ఒకసారి గట్టిగా పిలిచింది. పిల్లలు బెంగపడతాయని, ఏడుస్తాయని అనుకుంది. కాపలాలో ఉన్న బుడ్డోడు తలెత్తి చూశాడు.

"గద్ద కాదులే, అక్క," అని మిగతావాళ్ళకు చెప్పాడు. అందరూ మళ్ళీ మేతలో పడ్డారు.

హిమజకు చివుక్కుమంది. ఆ తరువాత దారి పొడుగునా నవ్వొస్తూనే ఉంది.

నీతి: మన వెనక నడిపించడం సగం చదువే, మనం లేకుండా నడవగలిగేలా చేసినప్పుడే అది పూర్తవుతుంది.